కంచరవలస ఫ్యూజు

రాముడి మొహం పేలిపోయిన పొద్దు నూకయ్య నిచ్చెన పట్టుకుని కిందే ఉన్నాడు.

రాముడు టెక్కలి వైపు పేరుపడ్డ లైన్‌మన్. నూకయ్య అతని హెల్పరు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిచ్చెన వేసుకుని, పైకెక్కి, రాముడు ఫ్యూజు పెట్టబోయాడు. పింగాణీ పిడి గూట్లోకి సగం దిగిందో లేదో, నీలం మంట బుస్సుమని లేచి అతన్ని గడ్డం నుంచి నుదుటి దాకా నాకేసింది. కరిగిన రాగి చినుకుల్లా రాలింది. రాముడు వెనక్కి విరుచుకు పడ్డాడు. కేక వెయ్యలేదు. వెయ్యడానికి పెదాలు విడిపడలేదు. నూకయ్య అతన్ని భుజానేసుకుని మైలున్నర దూరం, రోడ్డు దాకా పరిగెట్టాడు. మెడకి తడిగా అంటుకున్నది చెమటే అనుకున్నాడు. ఆసుపత్రి వరండాలో చూసుకుంటే అది రాముడి చెంప తోలు.

ఆ పొద్దు ఆ ఊళ్ళో ఇరవై స్టార్టర్లలో పుల్లలున్నాయి.

పుల్ల సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పొలంలో మోటారుకి స్టార్టరని ఒక ఇనప పెట్టె ఉంటుంది. దాని పచ్చ బొత్తాం నొక్కితే మోటారు తిరుగుతుంది. లోపలున్న తీగచుట్ట ఆ బొత్తాన్ని లేవకుండా పట్టుకుంటుంది. కరెంటు బలం, అదే ఓల్టేజి, పడిపోయిందంటే ఆ చుట్టకి పట్టు చాలదు. వదిలేస్తుంది. మోటారు ఆగుతుంది. ఆగి బతుకుతుంది. కానీ మోటారు బతికితే రైతు బతికినట్టు కాదు కదా, మడి ఎండిపోతోంది. అందుకని బొత్తాం నొక్కిపెట్టి దాని మీద కందిపుల్ల ఒకటి అడ్డంగా దోపేస్తాడు. ఇంక ఓల్టేజి సగానికి దిగినా మోటారు మూలుగుతూ, కాలుతూ తిరగాల్సిందే. కరెంటు పూర్తిగా పోయినా పుల్ల అలాగే ఉంటుంది. తిరిగి ఫ్యూజు పెట్టిన క్షణాన ఇరవై మోటార్లూ ఒక్క గుటకలో కరెంటుని గుంజుతాయి. ఆ గుంజుడంతా పడేది ఫ్యూజు పట్టుకున్నవాడి చేతిలో.

రాముడికి రెండు కళ్ళూ పోయాయి. ఆ ఖాళీలో నూకయ్యకి లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. ఈ మాట నూకయ్యే అనేవాడు, నవ్వకుండా.

అతనిది భావనపాడు. తండ్రీ, అన్నా ఒకే తెప్ప మీద పోయారు. ఒకడి శవం దొరికింది, ఒకడిది దొరకలేదు. తల్లి ఇంక ఇతన్ని నీళ్ళలో కాలు పెట్టనివ్వలేదు. అరవై రెండులో కరెంటు లైను వేస్తూంటే స్తంభాల గోతులు తవ్వే కూలీగా చేరాడు. అక్షరాలూ, తీగ పనీ రాముడే నేర్పాడు. "సంద్రం తప్పించుకుని ఇటొచ్చీసినాననుకోకు. దీనికీ పోటూ పాటూ ఉన్నాది" అనేవాడు.

ఆ పోటూ పాటూ నూకయ్య కంచరవలస వచ్చాక కళ్ళారా చూశాడు. ఊరి చివర గుడిసె. గుమ్మంలో ఒక బల్బు. అదే అతని మీటరు. తెల్లారుజామున మల్లెపువ్వులా వెలిగేది. ఏడింటికి పొలాల్లో మోటార్లు లేచేసరికి పచ్చబడేది. పదింటికి బియ్యం మిల్లు ఎత్తుకుందంటే లోపలి తీగ ఎర్రటి పురుగులా కనిపించేది, ఊదితే ఆరిపోతుందేమో అన్నట్టు. రాత్రి ఊరు మాటుమణిగాక అదే బల్బు కళ్ళు చెదిరేలా మండి టప్పున పేలేది.

"నీ కరెంటు బువ్వొండినప్పుడు ఉండదు. నిద్దరోయినప్పుడు వొచ్చి కళ్ళలో పొడుస్తాది" అనేది భార్య లక్ష్మణమ్మ.

అయితే సముద్రం తగ్గితే ఒడ్డు పొడుగునా తగ్గుతుంది. ఓల్టేజి అలా కాదు. కంచరవలస ట్రాన్స్‌ఫార్మరు జగన్నాధం మిల్లు గోడకి ఆనుకుని ఉంది. ఎందుకక్కడుందో అడగక్కర్లేదు. లైను వేసిన రోజుల్లో ఇంజనీర్లు భోంచేసింది అతనింట్లో. మిల్లు మోటారుకి, మిల్లు వెనక షెడ్డులో అతని చెరుకుతోట మోటార్లకి కడుపు నిండాక మిగిలింది మైలున్నర తీగ పట్టుకుని దిగువ మెట్ట చేల మీదికి పాక్కుంటూ వెళ్ళేది. తూము దగ్గర కూర్చున్నవాడిదే నీరు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కూర్చున్నవాడిదే ఓల్టేజి. దిగువన చోళ్ళు, అవే రాగులు, ఉల్లి, మిరప వేసుకున్న ఇరవై ఎనిమిది మందీ ఎకరం రెండెకరాల వాళ్ళు. ఒక్క ఏడాదిలో వాళ్ళవి ఆరు మోటార్లు కాలిపోయాయి. గంగులుదైతే రెండుసార్లు. కాలిన ప్రతిసారీ తిట్లు తిన్నది నూకయ్య.

అతను చేసిన పనల్లా ఒక్కటే. ఫ్యూజు పోయినప్పుడల్లా ముందు నిచ్చెన ఎక్కేవాడు కాదు. నూతి నూతికీ తిరిగి స్టార్టర్లలో పుల్లలు పీకేవాడు. పీకి, "కరెంటు వొచ్చినాక చివర నూతోళ్ళు ముందు ఎయ్యాలి. ఆల తరవాత పైనోళ్ళు. ఒక్కొక్కలే" అని చెప్పేవాడు. చిట్టచివరి నుయ్యి అసిరమ్మది. మొగుడు పాము కరిచి పోతే ఎకరన్నర ఒంటిచేత్తో చేసుకుంటోంది.

"పుల్లలేరుకుంటన్నావు, మీ ఆడదాని పొయ్యిలోకేటి నూకయ్యా?" అని ఎగతాళి చేసింది మొదట్లో.

"నా కళ్ళు రెండూ ఉండాలని అసిరమ్మా. అవుంటే నీ పొయ్యీ మండతాది."

నాలుగు నెలల్లో దిగువ రైతులు అలవాటు పడ్డారు. పడనిది జగన్నాధం షెడ్డు ఒక్కటే. దానికెప్పుడూ తాళం. లోపల పుల్లలున్నాయో లేదో చూడనిచ్చేవారు కాదు. స్తంభం దగ్గర కరెంటు పైనే ఆపే లివరుంటే ఈ గొడవే ఉండదు. ఆపి, ఫ్యూజు పెట్టి, కింద నుంచి మళ్ళీ ఇవ్వొచ్చు. అది తుప్పు పట్టి విరిగి ఏడాదయింది. సామాను రావాలంటారు ఆఫీసువాళ్ళు. ఎప్పుడొస్తుందంటే, వచ్చినప్పుడంటారు.

అరవై ఎనిమిది, మాఘమాసం. చోళ్ళు పొట్ట మీదున్నాయి. ఒక తడి ఆగితే గింజ తాలు. ఆ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఫ్యూజు ఠపీమని పేలి పోయింది. నూకయ్య పరిగెట్టుకొచ్చి మిల్లు వెనక ఆగాడు. గాలి షెడ్డు వైపు నుంచి వీస్తోంది. కాలిన లక్క వాసన, మాడిన నూలు వాసన. మోటారు చుట్ట కాలితే తప్ప ఆ వాసన రాదు. కాలిన చుట్టలో తీగలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. దాని మీద పుల్ల ఉండగా ఫ్యూజు పెట్టడమంటే మొహం తీసుకెళ్ళి కొలిమిలో పెట్టడం.

జగన్నాధం కొడుకు చినబాబు గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నాడు.

"బాబూ, షెడ్డు తాళం ఒకపాలి తియ్యండి. లోపల మోటారు కాలింది. దాని తీగ ఇప్పీసి ఫ్యూజు పెట్టేస్తాను."

"మా షెడ్డులోకి నువ్వేటిరా? సేపల కంపు మోటార్లకి అంటించడానికా?" చినబాబు ఉమ్మేశాడు. "నీ పని స్తంభం కాడ. ఎక్కు, పెట్టు, పో."

"తాళం తీసినాక పెడతాను బాబూ."

అదే నేరమైపోయింది. లోపల జగన్నాధం విని బయటికి రాలేదు. తాళం తీస్తే కాలిన మోటారుతో పాటు ఇంకోటి బయటపడుతుందని అతనికి తెలుసు. మధ్యాహ్నానికల్లా అతని పాలేర్లు దిగువకి ఒక మాట మోశారు. 'కరెంటు ఉంది. నూకయ్యే ఇవ్వడంలేదు. మీ పైరు మాడ్చి, కాళ్ళు పట్టించుకుందామని చూస్తున్నాడు.'

మంగళవారం గడిచింది. బుధవారం మధ్యాహ్నానికి చోడి ఆకు కొసలు చుట్టుకుపోయాయి.

ఆ సాయంత్రం దిగువ రైతులు వచ్చారు. నూకయ్య గుడిసె ముందు గంజి తాగుతున్నాడు. గంగులు చెంబుని కాలితో తన్నాడు. పదిమంది చేతులు పడ్డాయి. స్తంభం దాకా ఈడ్చుకుపోయి, నూతి తాడుతో పెడరెక్కలు విరిచి దానికే కట్టారు. మొదటి దెబ్బ అసిరమ్మది. తడిపిన కొబ్బరితాడు. చెవి మీద పడి చెవి తమ్మె చీలింది. తర్వాత ఎవరిది ఏ దెబ్బో తెలియలేదు. ఎవరో పార కామతో డొక్కలో పొడిచారు. ఎముక విరిగిన చప్పుడు నూకయ్యకి బయటి నుంచి విన్నట్టు వినిపించింది. లక్ష్మణమ్మ అడ్డొస్తే జుట్టు పట్టి అవతలకి విసిరారు.

వాళ్ళు దుర్మార్గులని రాయడం సుళువు. మూడు రోజులు పైరు ముందు కూర్చుని అది చావడం చూసినవాళ్ళు వాళ్ళు. చేతికందినవాణ్ణి కొట్టారు. అందనివాడు మిల్లు మేడ మీద నిలబడి చూస్తున్నాడు.

"ఇస్తావా ఇవ్వవా రా కరెంటు!" గంగులు గొంతు పట్టుకున్నాడు.

నూకయ్య నోట్లోని రక్తం ఉమ్మాడు. "కొట్టడం అయ్యిందేటి గంగులు మావా? అయితే ఒక పని సెయ్యి. ఆ షెడ్డు ఎనక గాలి కన్నం ఉన్నాది. ఎల్లి ఒకపాలి వోసన సూడు. నీ మోటారు రెండుసార్లు కాలింది. ఆ వోసన నాకంటే నీకే బాగా తెలుసు."

గంగులు చెయ్యి సడలింది. తర్వాత ఎవరితోనూ చెప్పకుండా షెడ్డు వెనక్కి వెళ్ళాడు. ఇటుక మీద ఇటుక పేర్చుకుని కన్నంలోంచి చూశాడు. తిరిగొచ్చేసరికి మనిషి మొహం మారిపోయింది.

"కాలింది. నల్లగా బొగ్గయిపోనాది" అన్నాడు. "అదొకటే కాదర్రా. మనందరికీ రావలసిన కరెంటు ఇన్నాళ్ళూ జగన్నాధం ఒక్కడే పీల్సినాడు. రెండు మోటార్లకే పరిమిషను, లోపల మూడున్నాయి. మూడిటికీ పుల్లలే."

అసిరమ్మ వచ్చి తాడు విప్పింది. ముడి బిగుసుకుపోయి పళ్ళతో లాగాల్సి వచ్చింది.

"ముందే సెప్పొచ్చు కదా, సచ్చినోడా" అంది, ఏడుపు గొంతుతో.

"సెప్పనిచ్చినారేటి!" అన్నాడు నూకయ్య.

గురువారం పొద్దున్నే చినబాబు ఎనిమిదిమంది పాలేర్లతో వచ్చాడు. జగన్నాధం చెరుకూ వాడిపోతోంది మరి. మిల్లులో నాలుగు బళ్ళ ధాన్యం ఆగిపోయి ఉంది. లేవలేక చాప మీదున్న నూకయ్యని రెక్క పట్టి లేపారు. బరిసె మొన వీపుకి ఆనించి ట్రాన్స్‌ఫార్మరు దాకా నడిపించారు. వెనకాలే దిగువ రైతులు వచ్చారు. నిన్న కొట్టినవాళ్ళే. అసిరమ్మ చేతిలో గునపం ఉంది.

నూకయ్య నిచ్చెన నాలుగు మెట్లెక్కి ఆగాడు. విరిగిన పక్కటెముక ఊపిరి తియ్యనివ్వడం లేదు. చేతికిచ్చిన పిడికి కొత్త తీగ చుట్టి ఉంది. అతను చుట్టిన సన్నతీగ కాదు. చినబాబు చుట్టించింది, చిటికెన వేలంత లావు. అది కరిగి తెగదు. చేతిలోనే పేలుతుంది.

"బాబూ, ఒక్క మాటినండి. తాళం తీసి మూడు పుల్లలు పీకితే సాలు. ఏటీ అవదు. నాకు మీతోటి పంతం లేదు."

"పుల్లలంట! పుల్లలకి బయపడే నా కొడకా, లైన్‌మన్‌వేటిరా నువ్వు?"

రాయి వచ్చి నూకయ్య మోకాలి మీద పడింది. రెండోది భుజం మీద. అతను దిగలేదు, ఎక్కలేదు. నిచ్చెన కౌగిలించుకుని ఉండిపోయాడు.

అప్పుడు అసిరమ్మ షెడ్డు వైపు నడిచింది. పరిగెట్టలేదు, నడిచింది. గునపం ఎత్తి తాళం మీద వేసింది. రెండో దెబ్బకి పాలేర్లు నలుగురు ఆమె మీద పడ్డారు. కర్ర నెత్తిన పడితే కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. రక్తం కళ్ళలోకి కారుతున్నా గునపం వదల్లేదు. గంగులు, అతని వెనక దిగువవాళ్ళందరూ విరుచుకుపడ్డారు. పారలు, కర్రలు, రాళ్ళు. ఒకడి ముంజెయ్యి గొడ్డలికి తెగి వేలాడింది. ఒక పాలేరు దవడ పక్కకి తిరిగిపోయింది. తలుపు ముందు మనిషి మీద మనిషి పడ్డారు. తాళం మాత్రం అలాగే ఉంది.

చినబాబు కళ్ళకి ఆగ్రహం కమ్మేసింది. నూకయ్య కాలు పట్టి ఈడ్చి కింద పడేశాడు. చెప్పు కాలితో విరిగిన పక్క మీదే తొక్కాడు. పిడి లాక్కుని నిచ్చెన ఎక్కాడు.

"దీనికో సదువు, దీనికో ఉజ్జోగం! సూడండెహె, ఎలగెడతానో!"

నూకయ్య పాక్కుంటూ వెళ్ళి అతని కాలు పట్టుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాడు.

"ఒద్దు బాబూ! కళ్ళు పోతాయి బాబూ! నాను సూసినాను, ఒద్దు!"

చినబాబు మడమతో తన్నాడు. నూకయ్య ముందుపళ్ళు రెండు ఊడాయి. అయినా వదల్లేదు. రెండోసారి తంతే వదిలేశాడు.

ఆ క్షణాన షెడ్డు తలుపు దగ్గర చినబాబు మనుషులే, చినబాబు తాళం కాపాడడానికి అసిరమ్మని నేలకేసి కొడుతున్నారు. వాళ్ళు నాలుగు దెబ్బలు తక్కువ కొట్టి ఉంటే తాళం ఊడేది. పుల్లలు ఊడేవి. వాళ్ళ దొర కళ్ళు దక్కేవి.

పిడి గూట్లో దిగింది.

పిడుగు పడ్డట్టయింది. కొట్టుకుంటున్నవాళ్ళు కొట్టుకుంటున్నట్టే ఆగిపోయారు. నీలం మంట, దానిలోంచి తెల్లమంట, పింగాణీ ముక్కలు తూటాల్లా గోడకి తగిలాయి. చినబాబు చొక్కా అంటుకుంది. అతను నిచ్చెన మీంచి నేరుగా నూకయ్య మీద పడ్డాడు. మొహం అని చెప్పుకోదగింది మిగల్లేదు. చేతివేళ్ళు పిడి పట్టుకున్న ఆకారంలోనే బిగుసుకుపోయాయి.

నూకయ్యే ముందు తేరుకున్నాడు. మట్టి దోసిళ్ళతో పోసి మంటార్పాడు. ఎవడో చెంబుతో నీళ్ళు తెస్తే తోసేశాడు. తన పంచె విప్పి అతనికి చుట్టి, గోచీతోనే, మిల్లు జీపు దాకా మోశాడు. రెండడుగులకోసారి మోకాళ్ళ మీద కూలబడి, మళ్ళీ లేచి మోశాడు. వెనక సీట్లో పడుకోబెట్టేటప్పుడు చినబాబు ఏదో అన్నాడు. "దీపం ఎయ్యండి" అన్నాడు. పొద్దున్న తొమ్మిది గంటలు అప్పుడు.

జీపు వెళ్ళిపోయింది. పాలేర్లు చెదిరిపోయారు. అసిరమ్మ గోడ పట్టుకుని లేచి, ఎవరూ అడ్డం లేని తాళాన్ని ఒక్క దెబ్బతో కొట్టింది. లోపలికెళ్ళి మూడు పుల్లలూ పీకింది.

"ఇంక పెట్టగలవేటి?" అని అడిగింది.

పెట్టకుండా పోదామని నూకయ్యకి లేకపోలేదు. చేతుల మీద ఇంకొకడి నెత్తురుంది. కానీ పైరుకి ఇంకో రోజు లేదు. షెడ్డులో కాలిన మోటారు తీగలు విప్పేశాడు. తన సన్నతీగ చుట్టాడు. ఎక్కాడు. కళ్ళు మూసుకోలేదు. పిడి దిగింది. చిన్న చిటుక్కుమన్న శబ్దం, అంతే.

మైలున్నర అవతల అసిరమ్మ మోటారు ముందు ఎత్తుకుంది. మిల్లు లేదు, షెడ్డు లేదు. ఆ పొద్దు ఓల్టేజి చివరి దాకా నిండుగా వెళ్ళింది. పుల్ల లేకుండానే బొత్తాం పట్టుకుందని గంగులు గట్టు మీంచి కేకేసి చెప్పాడు. నూకయ్య ఒక్కో మోటారు చప్పుడూ లెక్కపెడుతూ నిచ్చెన కిందే కూర్చున్నాడు. ఇరవై రెండోది లేచేసరికి పోలీసు వ్యాను వచ్చింది.

ఆ రోజుల్లో కొండ మీద భూస్వాములకి ఎదురుతిరిగిన గిరిజనుల సంఘం పేరు వింటేనే పోలీసులకి నిద్ర లేదు. కింద మైదానంలో రైతులు కలిసి తాళం బద్దలు కొట్టారంటే వాళ్ళకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అసిరమ్మనీ, గంగులునీ, ఇంకో పదకొండు మందినీ ఎక్కించారు. మొదటి ముద్దాయి నూకయ్య. జగన్నాధం ఫిర్యాదు అలా ఉంది.

శుక్రవారం స్టేషన్లో లాఠీ అరికాళ్ళ మీద ఆడింది. ఇనస్పెక్టరు ఒకే ప్రశ్న అడిగాడు.

"చినబాబు కాలు పట్టి లాగావా, లేదా?"

"లాగినాను బాబూ."

"ఎందుకు?"

"ఎక్కనీకూడదని. పైన సావున్నాదని."

'లాగినాను' వరకే రాసుకున్నారు. నూకయ్య తల ఎత్తి చూశాడు. పళ్ళు ఊడిన చిగుళ్ళలోంచి మాట సరిగా రావడం లేదు.

"బాబూ, ఒక్క మాట సెప్పండి. ఆ బాబుకి ఒక కన్నయినా ఉన్నాదా?"

గుమ్మం దగ్గర కానిస్టేబులు చెప్పాడు. "రెండూ తీసేశారంట, విశాఖపట్నంలో."

మూడు రోజులు దెబ్బలు తిన్నా కన్నీరు పెట్టని నూకయ్య అప్పుడు ఏడ్చాడు. గోడకేసి తల కొట్టుకుని, గొంతు పగిలేలా ఏడ్చాడు. ఇనస్పెక్టరు రైటరుకి సైగ చేశాడు. ఆ ఏడుపుని నేరం ఒప్పుకున్నట్టుగా రాసుకున్నారు.